స్థాపించింది నేను కాదు

ఆ శనివారం పొద్దున మైథిలి వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బస్సుకు నందిగామ వెళ్ళాలి, కుటుంబరావు మాస్టారి చేత "ఔను, సభను స్థాపించింది నేనే" అనిపించాలి, మధ్యాహ్నం భోజనానికి హాస్టలుకు తిరిగి రావాలి. బస్సు పరిటాల ఆంజనేయస్వామిని దాటుతుంటే ఆమె దండం కూడా పెట్టుకుంది. ఆ తర్వాత జరిగినదానికి స్వామిని తప్పుపట్టి లాభం లేదు.

మైథిలి యూనివర్సిటీ విద్యార్థుల వాదసభకు కార్యదర్శి. సభకు ఈ ఏడాదితో యాభై ఏళ్ళు నిండాయి. అది నడిచే పాత గదిని ఉద్యోగాల శిక్షణ విభాగానికి ఇచ్చేయాలని పైవాళ్ళు నిశ్చయించారు. మన దేశంలో ఒక గదిని కాపాడాలంటే దానికి ఎవరి పేరైనా పెట్టడం ఒక్కటే దారి. పేరున్న గది జోలికి ఎవరూ రారు. ఆ సలహా రిజిస్ట్రారే జాలిపడి ఇచ్చాడు. శనివారం సాయంత్రంలోగా స్థాపకుడి పేరు చెబితే బోర్డు రాయిస్తానన్నాడు. ఒక్క పేరే చెప్పాలి. రెండు పేర్లు పెడితే ఎవరిది ముందని తగాదాలొస్తాయని ఆయన అనుభవం. పేరు దొరక్కపోతే సోమవారం గదికి కొత్త తాళం పడుతుంది.

గది పోతే సభ పోయినట్టే. యూనివర్సిటీలో చేరిన కొత్తలో నలుగురి ముందు నోరు పెగలక ఏడ్చిన పిల్ల మైథిలి. ఆమెకు నోరిచ్చింది ఆ గదే. ఆ రుణం తీర్చుకోవడానికే ఇంత పొద్దున్నే బయల్దేరింది.

కుటుంబరావు సభ తొలినాళ్ళ విద్యార్థి, ఇప్పుడు రిటైరైన హైస్కూలు మాస్టారు. మైథిలికి ఉప్మా పెట్టించి, కాఫీ ఇప్పించి, అంతా విని, తల అడ్డంగా ఊపాడు. స్థాపించింది తాను కాదట, జగ్గయ్యపేట వెంకటరత్నమట. వాడే లేకపోతే సభే లేదట. మైథిలి చేసేది లేక జగ్గయ్యపేట బస్సెక్కింది. వెంకటరత్నం ఎరువుల కొట్టులో మిర్చి రైతులతో మాట్లాడుతున్నాడు. సంగతి విని నవ్వేశాడు.

"వాడి మాట నమ్మకమ్మా. పెట్టింది ముమ్మాటికీ కుటుంబరావే."

అక్కడికక్కడే ఫోన్లు కలిశాయి. నువ్వంటే నువ్వని ఇద్దరూ అరుచుకున్నారు. ఎవరిది మనసులో మాటో మైథిలికి అంతుపట్టలేదు. వాదసభలో చీటీ తీసి ఏ పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి, నమ్మకంతో పనిలేదు. ఈ ఇద్దరూ అందులో ఆరితేరినవాళ్ళు. చివరికి వెంకటరత్నం చెప్పులేసుకున్నాడు.

"ఉండు, నేనే వస్తన్నా. నీ మొహం మీదే చెప్తా."

కొట్టులో ఉన్న ఆయన మేనల్లుడు కిషోర్‌బాబు అంతా వినలేదు. విన్నంతలో యూనివర్సిటీ, గౌరవం, నందిగామ, మామయ్య కోపం ఉన్నాయి. ఆ నాలుగూ చాలు. జగ్గయ్యపేటకు దక్కాల్సిన గౌరవాన్ని నందిగామవాళ్ళు ఎత్తుకుపోతున్నారని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. వెంకటరత్నం కారు నందిగామ చేరేసరికి వెనక మూడు కార్లు, ఒక ఆటో ఉన్నాయి. నందిగామవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మాస్టారు ఫోన్లో అరిచిన అరుపులు వీధంతా విని, తమ మాస్టారి పదవికి జగ్గయ్యపేటవాళ్ళు ఎసరు పెడుతున్నారని తేల్చుకుంది. 'నందిగామ గర్వకారణం' అని ఫ్లెక్సీ కూడా సిద్ధమైంది. వచ్చిన జనానికి మాస్టారి వరండా చాలక వ్యవహారం లైబ్రరీ హాలుకు మారింది.

వెంకటరత్నం లేచి కుటుంబరావునే మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచి తనకు నత్తి అనీ, హాస్టల్లో నవ్వేవాళ్ళ నోళ్ళు మూయించి తనను నిలబెట్టి మాట్లాడించింది వీడేననీ, ఇవాళ కొట్టుకొచ్చిన రైతుతో నాలుగు మాటలు ఆడుతున్నాడంటే వీడి చలవేననీ చెప్పాడు. నందిగామ చప్పట్లు కొట్టింది. జగ్గయ్యపేట మొహమొహాలు చూసుకుంది. తర్వాత కుటుంబరావు లేచాడు. ఎదుటివాడు కాదన్నా కోపం తెచ్చుకోకుండా వినడం తనకు నేర్పింది వెంకటరత్నమనీ, ఆ ఓర్పుతోనే ఇన్నేళ్ళు బడిపిల్లలకు పాఠం చెప్పగలిగాననీ అన్నాడు. ఈసారి జగ్గయ్యపేట చప్పట్లు కొట్టింది. నందిగామ ఫ్లెక్సీ సగానికి దిగింది. కిషోర్‌బాబు పక్కనున్న నందిగామ పెద్దాయన్ని మెల్లగా అడిగాడు.

"మనం ఎవరి తరఫునండీ?"

ఆయనకూ తెలియదు.

మైథిలికి కళ్ళు చెమర్చాయి. అదే సమయానికి పేరేదని రిజిస్ట్రారు ఫోను వచ్చింది. అప్పుడు ఆమెకు సభ ఆచారం గుర్తొచ్చింది. వాదన సగంలో గంట కొడతారు. గంట మోగితే పక్షాలు మారాలి, మారిన పక్షాన్ని మనస్ఫూర్తిగా వాదించాలి. చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసును స్పూనుతో గట్టిగా కొట్టి "పక్షం మారండి" అంది.

పాత అలవాటు. ఇద్దరూ ఒక్కసారే నిటారుగా లేచారు.

"సభ పెట్టింది నేనే" అన్నాడు వెంకటరత్నం ఇబ్బందిగా. "పక్షాలు మారే పద్ధతి నాతోనే మొదలైంది. అందరికంటే ముందు మారింది నేను."

"నీ అంతట నువ్వు మారావా? పప్పన్నంలో నెయ్యి ముందా, ఆవకాయ ముందా అని మెస్సులో మనం కొట్టుకుంటంటే, నీ మాట నేనూ నా మాట నువ్వూ చెబితేగానీ వడ్డించనని ఆరోగ్యమ్మక్క గరిటెతో కంచం మీద కొట్టింది. అప్పుడు మారావు. పెట్టింది నేను. గది సంపాదించింది నేను."

"నువ్వు సంపాదించావా? మీ గోల భరించలేనని మనిద్దరి రెక్కలు పట్టుకుని ఆ సామాన్ల గదిలోకి నెట్టింది ఆవిడే. మర్నాటి నుంచి గోల చేసినోళ్ళందర్నీ అందులోకే తోలింది. అట్టాగే కదా సభ..."

వెంకటరత్నం మాట మధ్యలో ఆగిపోయింది. కుటుంబరావు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఒరే కుటుంబం, ఇన్నేళ్ళూ నీకు నేనూ నాకు నువ్వూ దండాలు పెట్టుకుంటా కూర్చున్నాం. అన్నం పెట్టిన మనిషిని ఒక్కసారన్నా తలుచుకోలేదురా."

హాస్టల్లో వంట చేసిన ఆరోగ్యమ్మ ఇప్పుడు వత్సవాయిలో కూతురు మెర్లిన్ దగ్గర ఉంటోందని, ఆ ఇంటికి ఎరువుల బస్తాలు తానే దింపి వస్తుంటానని కిషోర్‌బాబు చెప్పాడు. మైథిలి రిజిస్ట్రారుకు ఫోన్ చేసి పేరు చెప్పింది. స్థాపకుడన్నారు కదా అని ఆయన సందేహపడితే, స్థాపకురాలండీ అని సర్దింది. కార్లన్నీ వత్సవాయి దారి పట్టాయి. రెండు ఊళ్ళ జనం వాకిట్లో నిలబడేసరికి మెర్లిన్ కంగారుపడింది. ఇద్దరు ముసలివాళ్ళు వంగి కాళ్ళకు దండం పెడుతుంటే ఆరోగ్యమ్మ ఇద్దరినీ పేర్లతో గుర్తుపట్టింది. చిక్కిపోయారని బాధపడింది.

గది నిలబడింది. బోర్డు ఎక్కించిన రోజున వేదిక మీద ఆరోగ్యమ్మకు శాలువా కప్పారు. మైథిలి మొదట మాట్లాడి, ఈ గది లేకపోతే నాకు గొంతే లేదు, మీకు జన్మంతా రుణపడి ఉంటానంది. ఆరోగ్యమ్మ ఆమె తల నిమిరింది. తర్వాత వెంకటరత్నం, ఆ తర్వాత కుటుంబరావు మాట్లాడారు. రిజిస్ట్రారు జేబులోంచి పది పేజీల ఉపన్యాసం బయటికి తీస్తుండగా ఎవరో ఆరోగ్యమ్మ చేతికి మైకిచ్చారు.

"అన్నాలు చల్లారిపోతన్నయ్, లేవండి" అందామె.

సభ చరిత్రలో ఎవరూ ఎదురు వాదించకుండా నెగ్గిన ప్రతిపాదన అదొక్కటే.