డేగ గుడ్లకు హీట్ ట్రీట్‌మెంట్

మీ ఇళ్లల్లో అత్తమామలుంటారు. మా ఇంట్లో మాత్రం ఒక రిటైరైన ఫోర్‌మనూ, ఎన్నటికీ రిటైరవని ఒక జనరల్ మేనేజరూ ఉన్నారు. ఫోర్‌మన్ స్టీల్ ప్లాంటులో చేసిన మా మావగారు దుర్గారావు. జనరల్ మేనేజరు మా అత్తయ్య లలితాంబ. నేను వాళ్ల ఏకైక కోడల్ని, నీలిమని. మా ఆయన జితేంద్ర కూడా స్టీల్ ప్లాంటులోనే పనిచేస్తాడు. ఇంట్లో ఏ గొడవ జరిగినా ఆ టైముకి ఆయన డ్యూటీలోనో నిద్రలోనో ఉంటాడు కాబట్టి ఈ కథలో ఆయనకు పనిలేదు.

రిటైరై ప్లాంటు క్వార్టర్ ఖాళీ చేశాక మావగారు ఈ హిందీ ఊళ్లోనే, కోహ్కా పేటలో స్థలం కొని ఇల్లు కట్టారు. ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. పెరట్లో ములగ చెట్టు, మామిడి చెట్టు, ఆనప పాదు, కోళ్ల గూడు. ఫాల్గుణం వచ్చిందంటే ములగ పూత, మామిడి పూత కలిసి రాలుతుంటే, దండెం మీది బట్టల్ని రోజూ రెండుసార్లు దులపాలి.

ఈ పెరడంతటినీ మావగారు ప్లాంటులాగే నడుపుతారు. పాదుకి నీళ్లు పోయాలన్నా నెత్తిన హెల్మెట్ ఉండాల్సిందే. ములక్కాడ పడి బుర్ర బద్దలైతే ఎవడు జవాబుదారీ అంటారు. కుళాయికి వాషర్ మార్చాలంటే ముందు ఇల్లంతటికీ నీళ్లు, కరెంటు, గ్యాసు ఆపేస్తారు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని షట్‌డౌన్ దుర్గారావు అంటారు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆయన కొలెస్ట్రాలే బాగాలేదు. డాక్టర్ని కలిసొచ్చిన రోజే అత్తయ్య గుమ్మంలో నిలబడి ఆర్డరు వేసింది.

"ఇకమీదట మీకు గుడ్డులో తెల్లసొనే. పచ్చసొన బంద్."

"పచ్చసొన లేకపోతే అది గుడ్డేటే? కొలిమి లేని ప్లాంటు!"

"మీ కొలిమిలో కొవ్వు పేరుకుపోయినాదట. డాక్టరు బాబు చెప్పినాడు."

"వారానికి ఒక్కటైనా..."

"మీ ఒక్కటి నాకు తెలీదేటి? ఒక్క బూరి అని కూకున్నారంటే పళ్లెం అడుగు కనబడాల."

ఇది అక్షరాలా నిజం కాబట్టి మావగారు ములగ చెట్టు కేసి చూశారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే అత్తయ్య గజపతినగరం దగ్గర పుట్టింటికి వెళ్లొచ్చింది. వాళ్లమ్మగారు కిందటేడు కాలం చేశారు. ఆవిడ ప్రాణంగా పెంచిన ఎర్రటి డేగ కోళ్లు, చూసే దిక్కులేక ఒక్కొక్కటీ అమ్ముడుపోయాయి. ఆఖరి పెట్ట పెట్టిన గుడ్లని అత్తయ్య తవుడు నింపిన గిన్నెలో సర్దుకుని, దుర్గ్ వచ్చే రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దారిలో ఎవరు పక్కకి ఒరిగినా "కడుపుతో ఉన్నవాళ్లున్నారు, జరగండి బాబూ" అనేదట.

గిన్నె నాకు చూపిస్తూ ఒక్కో గుడ్డునీ కొంగుతో తుడిచింది.

"మా అమ్మ చేత్తో గింజలేసిన కోళ్లల్లో ఇవే ఆఖరివే నీలిమా. ఇవి పిల్లలైతే మా అమ్మ మనింటికొచ్చినట్టే."

ఆ మాట మావగారు కూడా విన్నారు. చెవులైతే ఇటే ఉన్నాయి గానీ, కళ్లు మాత్రం గిన్నెలో ఉన్నాయి.

మా ఇంట్లో పొదుగుకి కూర్చునే కోడి పేరు ఇన్‌స్పెక్టరమ్మ. గూట్లోకి ఎవరు చెయ్యి పెట్టినా ముందు పొడుస్తుంది, తర్వాత ఎవరో చూస్తుంది. శివరాత్రి ముందు అత్తయ్య దాని కింద గుడ్లు పెట్టి, గూటికి పసుపు బొట్టు పెట్టి, హోలీ దాటాక పిల్లలు బయటకొస్తాయని చెప్పింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పెరటి వైపు నుంచి ఉల్లిపాయ వేగిన వాసన వచ్చింది. వంటింట్లో పొయ్యి ఆర్పేసి చాలాసేపైంది. వాసన పట్టుకుని వెళ్తే మోటారు గదిలో మావగారు పాత కరెంటు హీటరు మీద గుడ్డు పొరటు చేసుకుంటున్నారు. నెత్తిన హెల్మెట్, చేతులకు కొలిమి దగ్గర వాడే తోలు గ్లవ్సు.

"మావగారూ! అవి అమ్మమ్మగారి గుడ్లు కదండీ!"

"గట్టిగా అరవకమ్మా. అందుకే కదా ఖాళీ ఉంచలేదు. ఒకటి తీసి ఒకటి పెట్టీసాను. పవర్ హౌస్ బజారు నుంచి తెచ్చిన తాజా సరుకు. స్పేర్ పెట్టకుండా పార్టు విప్పకూడదని ప్లాంటులో నా కుర్రాళ్లకి నేనే చెప్పీవోడిని."

"షాపు గుడ్లు తెల్లగా ఉంటాయి. అత్తయ్య చూసేస్తే గడ్‌బడ్ అయిపోతుంది."

"కోడి కింద తొంగి చూసే ధైర్యం ఎవరికుందమ్మా? గ్లవ్సు నాదగ్గరే ఉన్నాయి." అని ఒక చెంచాడు నా చేతిలో పెట్టారు. "రుచి చూడు. డేగ గుడ్డంటే ఇదీ! షాపు గుడ్డు దీని కాలిగోటికి సరిరాదు. కళ్లకి గంతలు కట్టినా చెప్పీగలను."

నాకు మాత్రం గుడ్డు గుడ్డులాగే ఉంది. కానీ ఆ చెంచా నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి నేను కూడా దొంగనే. అత్తయ్యకి చెబితే మావగారి పరువు పోతుంది, చెప్పకపోతే నా నిద్ర పోతుంది. నిద్రే పోనీలే అనుకున్నాను.

మర్నాడు ఆయన పరుగున వచ్చారు. హెల్మెట్ వెనక్కి జారిపోయి ఉంది.

"అమ్మా నీలిమా! నిన్న పెట్టిన తెల్ల గుడ్లు ఇవాళ ఎర్రబడ్డాయి!"

"ఎలా ఎర్రబడతాయండీ?"

"ఇనుము కాలితే రంగు తిరగదేటి? ఇదీ అంతే. ఇన్‌స్పెక్టరమ్మ ఒంటి వేడికి గుడ్డు గుణమే మారిపోనాది. హీట్ ట్రీట్‌మెంటమ్మా! ప్లాంటులో ఉండగా తెలిసుంటే సజెషన్ బాక్సులో వేసీవోడిని."

వెళ్లి చూశాను. నిజంగానే లేత ఎరుపు తిరిగి ఉన్నాయి. నేను చదివింది కామర్సు. ఆయన ముప్పయ్యేళ్లు ఉక్కుతో కాపురం చేసిన మనిషి. కాదనడానికి నాకేం తెలుసు?

ఇక మావగారి మనసుకి అడ్డులేకుండా పోయింది. ఏ గుడ్డు పెట్టినా డేగ గుడ్డే అయిపోతున్నప్పుడు దొంగతనం అన్న మాటే లేదని తేల్చేశారు. కొలిమిలో ముడిసరుకు వేసినట్టు తెల్లవి పెట్టడానికి ఛార్జింగనీ, కరిగిన ఇనుము తీసినట్టు ఎర్రవి తీయడానికి ట్యాపింగనీ పేర్లు కూడా పెట్టారు. పాపం, ఇన్‌స్పెక్టరమ్మ తనొక బ్లాస్ట్ ఫర్నేసునని తెలియక బుద్ధిగా కూర్చునేది.

అత్తయ్య రోజూ గూడు దగ్గర నిలబడి "ఎలగున్నావమ్మా? ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు" అని లోపలికి వినపడేలా మాట్లాడేది. ఆ సమయంలో మావగారు పాదుకి నీళ్లు పోస్తూ ఉంటే, నీళ్లు పాదుకి కాక ఆయన కాళ్ల మీద పడేవి.

హోలీ దగ్గరపడింది. నాకు ఎందుకో అనుమానం వచ్చి ఫోనులో వెతికాను. చూసిన తర్వాత చెప్పక తప్పలేదు.

"మావగారూ, షాపు గుడ్లు పిల్లలవ్వవట."

"ఎందుకవ్వవు? రంగు తిరిగినాయి కదా."

"రంగు కాదండీ. ఫారాల్లో పుంజులుండవు."

"పుంజెందుకమ్మా? గుడ్డు పెట్టేది పెట్ట కదా!"

కోడలు మావగారికి వివరించి చెప్పగలిగిన విషయాలు లోకంలో చాలా ఉన్నాయి. ఇది వాటిల్లో లేదు. యూట్యూబులో ఒక హిందీ వీడియో పెట్టి, ఫోను ఆయన చేతికిచ్చి, ఆనప పాదు వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నుంచి "ఓహో" అని వినిపించింది. కాసేపాగి "ఓహోహో" అని వినిపించింది. తర్వాత బకెట్ బోర్లించిన చప్పుడైంది.

తిరిగి చూస్తే దాని మీద కూర్చుని ఉన్నారు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అయితే మీ అత్తయ్యోళ్లమ్మ..."

"ఇంక రారండీ."

ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. తిండి యావే గానీ మనిషి వెన్న. అత్తగారు బతికున్న రోజుల్లో ఆవిడ చేతి కూర కోసం ప్లాంటుకి సెలవు పెట్టి మరీ వెళ్లేవారట. ఇప్పుడు ఆవిడ గుర్తుగా మిగిలిన గుడ్లని ఉల్లిపాయలేసి వేయించుకున్నానన్న బాధ ఆయన్ని నిజంగానే పట్టుకుంది. ఆ రాత్రి అన్నంలో మజ్జిగ కూడా పోసుకోలేదు.

కానీ ఫోర్‌మన్ ఫోర్‌మనే. తెల్లారేసరికి ఉపాయం తట్టింది. "పార్టు పాడైపోతే రెడీమేడ్‌ది తెచ్చి బిగించీడమే!" అని స్కూటరెక్కి పవర్ హౌస్ వెళ్లారు. అత్తయ్య గోడ అవతలి బిసాహిన్ దీదీ ఇంటికి వెళ్లిన సమయం చూసుకుని, అట్టపెట్టెతో తిరిగొచ్చారు. మూత తీస్తే లోపల కోడిపిల్లలు కీచుకీచుమంటున్నాయి. ఒకటి గులాబీ రంగు, ఒకటి ఆకుపచ్చ, రెండు నారింజ, ఒకటి ఊదా.

"ఇవేంటండీ!"

"ఏటి చెయ్యనమ్మా, హోలీ కదా. పిల్లల ఆటకని బజార్లో అన్నిటికీ రంగేసీసారు. రంగెయ్యని ప్లెయిన్ మాల్ లేదన్నాడు."

"అత్తయ్యకి ఏం చెబుతారు?"

"కళ్లజోడు ఇంట్లోనే మర్చిపోయినాదిలే."

గ్లవ్సు తొడుక్కుని ఒక్కొక్క పిల్లనీ కోడి కిందికి తోశారు. ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది. గులాబీ పిల్లని చూసింది. ఆకుపచ్చ పిల్లని చూసింది. తర్వాత మావగారిని చూసింది. ఆ చూపుకి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. అది మాత్రం ఎవరి పిల్లలైతేనేం అన్నట్టు రెక్కలు విప్పి అన్నిటినీ కప్పుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య వచ్చింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"ఏటండీ, కిచకిచలు వినిపిస్తన్నాయి?"

"పిల్లలు పుట్టీసాయే లలితా! మీ అమ్మ వచ్చీసింది!"

అత్తయ్య వంగి చూసింది. "మా అమ్మ చామనచాయ. ఈ గులాబీ రంగేటి?"

"హోలీ కదే."

"గుడ్డులోపలికి హోలీ ఎలగెళ్లినాదండీ?"

"వీధిలో కుర్రాళ్లు రంగులు జల్లినారు. పెంకులోంచి ఇంకిపోనాది."

"సరే. పగిలిన పెంకులేవీ?"

"ఇన్‌స్పెక్టరమ్మ తినీసింది."

అత్తయ్య కోడిని మెల్లిగా పక్కకి జరిపింది. గూట్లో రంగురంగుల పిల్లలున్నాయి. వాటి పక్కనే గుడ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పిల్లల్ని పెట్టే కంగారులో గుడ్లు తీసెయ్యాలన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

"గుడ్డు పగలకుండానే పిల్ల బయటకొచ్చినాదన్నమాట," అంది అత్తయ్య. "ఏ గేటు నుంచి వచ్చినాదో?"

మావగారు ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"నన్ను క్షమించీయే లలితా. మీ అమ్మని నేను తినీసాను. పొరటు చేసుకుని తినీసాను. నీలిమకి కూడా చెంచాడు పెట్టాను."

నేను తలొంచుకున్నాను. అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గోడ వైపు తిరిగి కేకేసింది. "దీదీ! లే ఆవో!" తీసుకురా అని.

గోడ మీదుగా బిసాహిన్ దీదీ వెదురు బుట్ట అందించింది. "లే దీదీ, తోర్ దాయీ ఆ గే." నీ అమ్మ వచ్చేసింది, తీసుకో అని. బుట్టలో ఎర్రటి మట్టి రంగు మీద నల్ల చారలతో డేగ పిల్లలు కళ్లు చికిలించి చూస్తున్నాయి.

మావగారు బుట్టని చూశారు, గూటిని చూశారు. "మరి ఇక్కడున్నవి?"

"ఊరి నుంచి వచ్చిన రోజే మా అమ్మ గుడ్లు దీదీ కోడి కింద పెట్టీసాను. మనింట్లో గుడ్డు పొదగాలంటే ముందు మీరు ఊరెళ్లాల. ఇక్కడ పెట్టినవి పవర్ హౌస్ గుడ్లే. చిన్నవి ఏరి, టీ డికాక్షన్లో నానబెట్టి పెట్టాను."

"మరి నేను పెట్టిన తెల్లవి రంగు తిరిగినాయే!"

"మీరు నిద్ర లేవకముందే తీసి రంగేసినవి పెట్టీదాన్ని. మీరు తెచ్చిన గుడ్లకే మర్నాడు రంగేసి మళ్లీ మీకే పెట్టీదాన్ని."

"నా హీట్ ట్రీట్‌మెంటు..." అన్నారు మావగారు నీరసంగా. అన్నింటికన్నా ఆయనకి అదే ఎక్కువ దెబ్బ.

"కళ్లకి గంతలు కట్టినా డేగ గుడ్డు రుచి చెప్పీగలరట కదా? గోడ అవతల దీదీ విని పొట్ట పట్టుకుని నవ్వినాది."

"అన్నీ తెలిసీ తిననిచ్చావేటే? నా కొలెస్ట్రాలు?"

"వారానికి రెండు మూడు తినొచ్చన్నాడు డాక్టరు. నేనే మీకు చెప్పలేదు. ఎదురుగా వండి పెడితే మీకు లెక్కుంటాదేటి? దొంగతనంగా అయితే భయపడి తక్కువ తింటారు. కిందటి వారం రక్తం పరీక్షలో తగ్గినాది కూడా."

మావగారు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నారు. ఆయన కళ్లింకా తడిగానే ఉన్నాయి. అది చూసి అత్తయ్య గొంతు మెత్తబడింది. "మా అమ్మ కోసం ఇంతలాగ ఏడుస్తారని అనుకోలేదండీ" అని కొంగుతో తన కళ్లు కూడా ఒత్తుకుంది. బుట్టలోంచి ఒక డేగ పిల్లని తీసి, గ్లవ్సు విప్పించి, ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదిగో, మా అమ్మ. తప్పయిపోయిందని చెప్పండి."

మావగారు పిల్లని ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. "అత్తయ్యగారూ," అన్నారు ఎంతో వినయంగా, "తప్పయిపోయింది. ఇంకెప్పుడూ చెయ్యను."

పిల్ల మెడ ఒకవైపు వాల్చి శ్రద్ధగా అంతా వింది. తర్వాత ఒకసారి ఒళ్లు విదిలించుకుని, ఆయన అరచేతి నిండా తన పని కానిచ్చేసింది.

మావగారు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటుంటే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"అయ్యో, ఆగండి! మా అమ్మ క్షమించీసినాది. అప్పుడే కడిగీసుకుంటే ఏటనుకుంటాది?"

మావగారు అరచెయ్యి చాపుకుని, పాపం, అలాగే నిలబడిపోయారు.