తోస్తే ఆగాలి, లాగితే పోవాలి

పదో తేదీ పొద్దున లమ్యాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జిగురు అన్నం ఉడికేలోగా ఓ అరగంట చేతులతో బండి నడపడం సాధన చెయ్యాలి. ఆ తర్వాత మొగుడు బున్‌తోమ్‌ని కూరగాయల పికప్ ఇచ్చి ఊళ్ల మీదకు పంపాలి. అంతే. ఆ అరగంటలోనే తను దేవతైపోతానని ఆమె అనుకోలేదు.

ఇరవై ఏళ్లు ఆ పికప్‌ను ఆమే నడిపింది. వెనక ఇనప చట్రానికి రెండు వైపులా సంచులు వేలాడేవి. కొత్తిమీర, పంది మాంసం, చేపలు, పచ్చి బొప్పాయి, పిల్లల చిరుతిళ్లు, ఏది కావాలంటే అది చెయ్యి చాచి తెంపుకోవడమే. ఏడు ఊళ్లు ఆమెవే. రెండేళ్ల క్రితం బండి పైకెక్కి అరటి గెలలు కడుతూ జారి పడింది. వెన్ను దెబ్బతిని నడుము కింద చలనం పోయింది. అప్పట్నించీ స్టీరింగ్ బున్‌తోమ్ చేతికొచ్చింది.

బున్‌తోమ్ మంచివాడు. ఆ మంచితనం వ్యాపారానికి పనికిరాదు. పిలిచిన ప్రతి ఇంట్లోనూ కూర్చుని రెండు ముద్దలు తింటాడు. అతను బ్రేకు తొక్కితే గుడ్లు బతికి బయటపడవు. ఈలోగా పక్క ఊరి నీలం పికప్ ఒకటి అతనికంటే అరగంట ముందే తిరగడం మొదలుపెట్టింది. ఏడూళ్లలో రెండు చేజారాయి. చేతులతో నడిపేవాళ్లకు పరీక్ష పెట్టే అధికారి జిల్లా రవాణా కార్యాలయానికి నాలుగు నెలలకొకసారి వస్తాడు. ఈసారి రాక పదిహేనో తేదీన. అది తప్పితే మిగిలిన ఐదూళ్లు కూడా నీలం బండివే. ఇంట్లో ఇద్దరికీ తెలిసిన సంగతే గానీ, ఎవరూ పైకి అనలేదు.

బండికి ఏ పరికరం బిగించాలో తేల్చుకోవడానికి ఆమె ముందే సోంబత్ మేస్త్రి దగ్గరికి వెళ్లింది. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పోయిన మనిషి. తన బండి తనే మార్చుకుని, ఆ తర్వాత పదిమందివి మార్చాడు. అతను మూడు రకాలు ముందు పరిచాడు. ఒకటి స్టీరింగ్ మీద అతికినట్టుండే వలయం, దాన్ని వేళ్లతో నొక్కి పట్టుకుంటే బండి పోతుంది. రెండోది మోటార్ సైకిల్‌లా మెలితిప్పే పిడి. మూడోది స్టీరింగ్ పక్కనుండే ఇనప రాడ్డు, ముందుకు తోస్తే బ్రేకు, తనవైపు లాగితే వేగం.

లమ్యాయ్‌కి మొదట వలయం మీద మనసైంది, మెరుస్తోందని. మేస్త్రి ఒప్పుకోలేదు.

"నచ్చడం, నచ్చకపోవడం గుడ్డల కొట్లో చూసుకో అక్కా. నువ్వు కంగారు పడ్డప్పుడు నీ చెయ్యి ఎటు పోతుంది? అది చెప్పు నాకు."

ఆలోచిస్తే అతనన్నది నిజమే. వలయం నొక్కి నొక్కి పావుగంటకే బొటనవేళ్లు మొద్దుబారాయి. మెలితిప్పే పిడి గతుకు వచ్చినప్పుడల్లా తనంతట తనే తిరిగింది. రాడ్డు అలా కాదు. బండి ఆగేటప్పుడు ఒళ్లు ఎలాగూ ముందుకు తూలుతుంది, ఆ తూలుడే రాడ్డును తోస్తుంది. కుడి చేతికి రాడ్డు ఖాయమైంది. స్టీరింగ్‌ను ఒంటి చేత్తో తిప్పాలి గనక ఎడమ చేతికి బంతిలాంటి పిడి. కాళ్లు పెడళ్ల కిందకి జారకుండా ఓ అడ్డురేకు, ఒళ్లు ఒరగకుండా ఛాతీకి పట్టీ. పగలు బండి బేరానికి పోవాలి గనక, బిగించడానికి మూడు రాత్రులు పడుతుంది. అప్పటిదాకా సాధనకని మేస్త్రి ఓ పాత స్టీరింగూ, సైకిల్ స్ప్రింగు కట్టిన ఓ రాడ్డూ ఇచ్చి పంపాడు. కళ్లు మూసుకుని చెయ్యమన్నాడు. రోడ్డు మీద కళ్లు చేతిని వెతుక్కోకూడదట.

బున్‌తోమ్ వాటిని, కర్ర స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద, పాత మగ్గానికి కట్టాడు. లమ్యాయ్ చక్రాల కుర్చీలో మగ్గం ముందు కూర్చుంది. చెమటకు పిడి జారుతోందని అరచేతులకు పౌడరు రాసుకుంది, అవే చేతులతో మొహం తుడుచుకుంది. కళ్లు మూసుకుంది. "తోస్తే ఆగాలి, లాగితే పోవాలి" అని గొణగడం మొదలుపెట్టింది. ఎదురుగా పీట మీద బున్‌తోమ్ కూర్చుని దారిలో ఏమొస్తున్నాయో చెబుతున్నాడు. గేదె అడ్డొచ్చిందన్నాడు. ఆమె ఊగిపోతూ తోసింది. ముసలమ్మ అన్నాడు, మళ్లీ తోసింది. ఎడమకు మలుపన్నాడు, ఎడమ చెయ్యి గిర్రున తిరిగింది. మధ్యలో అతను టేపు పెట్టి, మేస్త్రికి చెప్పాల్సిన కొలతలు పైకి చదివాడు. భుజం నుంచి పిడికి నలభై రెండు. మోకాలి నుంచి రాడ్డుకి పదిహేడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి చంపెంగ్ భిక్షువులకు అన్నం పెట్టి ఖాళీ బుట్టతో తిరిగొస్తోంది. ఆమె చూసింది ఇది: మొహమంతా తెల్లగా పూసుకున్న ఆడమనిషి, మూసిన కళ్లు, ఊగే ఒళ్లు, గాల్లో తిరిగే చెయ్యి, ఎదురుగా పీట మీద ఒదిగి కూర్చున్న మొగుడు, గాల్లోంచి రాలిన రెండు నంబర్లు. పదహారో తేదీన లాటరీ. ఆ చుట్టుపక్కల జనం నంబరు కనిపిస్తుందేమోనని చెట్టు మొదళ్లకు పౌడరు రాసి చూస్తారు. చంపెంగ్‌కి ఇంకేం కావాలి. బుట్ట అక్కడే పెట్టి, దణ్ణం పెట్టి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. చప్పుడు చెయ్యనిది ఆ ఇంటి ముందర మాత్రమే.

మర్నాడు పొద్దున ముగ్గురు ఆడవాళ్లు బంతిపూల దండలూ ఎర్ర సోడాలూ పట్టుకుని వచ్చారు. జబ్బు మనిషిని చూడ్డానికొచ్చారని లమ్యాయ్ సంతోషించింది. వాళ్లు మాట్లాడకుండా వెనకాల చాప మీద కూర్చుంటే, బిడియం కాబోలనుకుంది. పన్నెండున ఇరవై మంది వచ్చారు. పదమూడున పక్క జిల్లా నుంచి వ్యాన్ వచ్చింది. ఊరి కావలి తాత దేవుడు లమ్యాయ్‌ని పూనాడనీ, ఆయనకు వాహనం కావాలనీ, అందుకే స్టీరింగ్ తిప్పుతున్నాడనీ చంపెంగ్ వచ్చినవాళ్లకు అరటాకు విసనకర్రతో విసురుతూ వివరిస్తోంది.

బున్‌తోమ్‌కి సంగతి పన్నెండునే తెలిసింది. చెప్పలేదు. వచ్చినవాళ్లు పోతూ పోతూ కూరగాయలు కొంటున్నారు, ఎనిమిదింటికల్లా బండి ఖాళీ అవుతోంది, రెండేళ్లలో మొదటిసారి గుడ్లు పగలకుండా అమ్ముడవుతున్నాయి. దేవుడు రెండ్రోజులుంటే మాత్రం ఏమిటనుకున్నాడు.

వ్యానులోంచి దిగిన పెద్దాయన ఒకాయన కాళ్ల మీద పడేసరికి గానీ లమ్యాయ్‌కి అర్థం కాలేదు. తను ఎవర్నీ కాదనీ, కూరగాయలమ్ముకునేదాన్ననీ నెమ్మదిగా చెప్పింది. పెద్దాయన తలూపాడు. తాత దేవుళ్లు మొదట ఒప్పుకోరని ఆయనకు అనుభవమట. ఆ సాయంత్రం ఆమె అట్ట మీద 'ఇక్కడ ఏ దేవుడూ లేడు' అని రాయించి వాకిట్లో కట్టించింది. మర్నాడు వచ్చినవాళ్లు అందులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టుకుని వెళ్లారు.

పద్నాలుగున మధ్యాహ్నం రవాణా కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. పరీక్ష పెట్టే అధికారి నరోంగ్, నిదానంగా మాట్లాడే మనిషి. మీకు పూనకం వస్తుందని విన్నానన్నాడు. ఆమె రాదంది.

"చూడమ్మా, స్పృహ తప్పేవాళ్లకు లైసెన్సు ఇవ్వకూడదు. మా ఫారంలో పూనకానికి విడిగా గడి లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉండేది మూర్ఛే."

"నేను కళ్లు మూసుకున్నది మేస్త్రి మూసుకోమన్నందుకు సార్."

"రేపు రండి. నేను పక్కనే కూర్చుంటాను. ఒక్కసారి కళ్లు మూసినా దిగిపోవాల్సి ఉంటుంది."

ఫోన్ పెట్టేసి లమ్యాయ్ కుర్చీని మగ్గం వైపు తిప్పుకుంది. బున్‌తోమ్ అప్పుడు తనకు సంగతి ముందే తెలుసని ఒప్పుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. అతనికి దానికే భయమేసింది. పడిపోయిన దగ్గర్నుంచీ ఆమె ఎవర్నీ గట్టిగా ఏమీ అనడం లేదు. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే మనుషుల్ని ఏమనగలనని ఒకసారి అంది, అంతే.

పదిహేనున, మేస్త్రి రాడ్డు బిగించిన బండి పరీక్ష మైదానానికి చేరేసరికి వెనక పందొమ్మిది పికప్పులున్నాయి. కంచె పొడవునా జనం దండలతో బారులు తీరారు. నరోంగ్ వాళ్లను చూశాడు, లమ్యాయ్‌ని చూశాడు, ఫారంలో మూర్ఛ గడి మీద పెన్ను పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆమె ఛాతీ పట్టీ బిగించుకుంది. ఎడమ చెయ్యి పిడి మీద, కుడి చెయ్యి రాడ్డు మీద. లాగింది. బండి నీళ్లలా కదిలింది. వరసగా పాతిన కర్రల మధ్య నుంచి వంకర తిరిగింది, వెనక్కి వచ్చి గీతల మధ్య నిలిచింది, అంచు రాయికి జానెడు దూరంలో ఆగింది. రెప్ప కూడా అవసరానికి మించి వాల్చలేదు. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. చివరి చుట్టు మిగిలింది. నరోంగ్ పెన్ను మూర్ఛ గడి నుంచి కొంచెం కొంచెంగా జరుగుతోంది.

అప్పుడు చంపెంగ్ తెరిచి ఉన్న గేటులోంచి లోపలికి వచ్చింది. తాత దేవుడి వాహనం అద్దానికి అందరికంటే ముందు తన దండే పడాలని ఆమె పట్టుదల. దండ రెండు చేతులా పైకెత్తి, భక్తితో కళ్లు మూసుకుని, నడుస్తున్న బండికి సరిగ్గా ఎదురుగా నిలబడింది.

లమ్యాయ్ ఆలోచించలేదు. ఒళ్లు ముందుకు తూలింది, చెయ్యి రాడ్డును తోసింది, బండి ఉన్నచోట పాతుకుపోయింది. నరోంగ్ కళ్లజోడూ పెన్నూ డాష్‌బోర్డు కిందకి వెళ్లిపోయాయి. దండకూ బంపరుకూ మధ్య బెత్తెడు జాగా. తర్వాత లమ్యాయ్ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏమే చంపెంగూ, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా నిన్ను. దోసకాయ కొన కొరికి చేదని నా బుట్టలోనే పడేస్తావు. రెండు కొత్తిమీర కట్టలు విప్పి ఒక్క కట్ట చేసుకుంటావు. చేప మొప్పలు ఎత్తి ఎత్తి, అది మళ్లీ ఈదేదాకా వదలవు. ఓర్చుకున్నాను. ఇప్పుడు నడిచే బండికి అడ్డం పడి నా లైసెన్సు కూడా కొరికి చూద్దామనుకున్నావా? చస్తే నీ మొగుడికి నేను చెప్పుకోవాలి, బతికితే నువ్వు రేపు మళ్లీ నా బండి దగ్గరికే వచ్చి వంకాయలు పిసుకుతావు. జరగవే పక్కకి."

అక్కడితో అయిపోలేదు. వంకాయల నుంచి బెండకాయలకూ, బెండకాయల నుంచి చంపెంగ్ అత్తగారికీ వెళ్లింది. రెండేళ్లుగా ఏడూళ్లలో ఎవరూ వినని గొంతు అది. బున్‌తోమ్ కంచె పట్టుకుని, వింటూ వింటూ కళ్లు తుడుచుకున్నాడు.

కంచె దగ్గర వ్యాను పెద్దాయన దణ్ణం పెట్టిన చేతులు అందరికంటే ముందు దించేశాడు.

"దేవుడికి చేప మొప్పల సంగతి ఎలా తెలుస్తుంది? ఈవిడ ఉత్త లమ్యాయే. పదండి పోదాం."

పందొమ్మిది పికప్పులూ ఒకదాని వెనక ఒకటి తిరిగిపోయాయి. దండలు కంచెకే వేలాడాయి. చంపెంగ్ నిలబడ్డ చోటే నిలబడి, వంకాయల విషయంలో తన తప్పు లేదని ఎవరికీ వినపడకుండా చెప్పుకుంటోంది.

నరోంగ్ వంగి కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. పెన్ను దొరికేదాకా కిటికీ పక్కన తిట్లు సాగుతూనే ఉన్నాయి. అతను ఫారం మోకాళ్ల మీద పెట్టుకుని గడులు ఒక్కొక్కటే నింపాడు. స్పృహ దగ్గర 'ఉంది' అని రాసి, కాసేపు విని, 'పూర్తిగా' అని చేర్చాడు. పరికరాల దగ్గర కుడి చేతి రాడ్డు, ఎడమ చేతి పిడి, పాదాలకు అడ్డురేకు అని రాసి ఉత్తీర్ణత ముద్ర వేశాడు.

ఆ కింద, బండికి హారన్ పనిచేస్తోందా అన్న గడిలో, 'అవసరం లేదు' అని రాశాడు.