తాలు రకం ఫిర్యాదు

ఒక నాగరికత ఎంత ఎత్తుకు ఎదిగిందో దాని భవనాలను చూసి నిర్ణయించరాదు. మరుగుదొడ్డిలో ఒక బకెట్టు నీళ్లు కుమ్మరించి, అవి ఎంతసేపటికి కిందికి దిగుతాయో చూసి నిర్ణయించాలి. ఈ కొలత ప్రకారం, నల్లపాడులో నేను అద్దెకుంటున్న గురునాథం నిలయంలో నాగరికత ఇంకా పాకే దశలోనే ఉన్నది. నీళ్లు పోయగానే అవి మొదట నిలబడతాయి. చుట్టూ ఒకసారి కలయజూస్తాయి. మనం తలుపు వేసి, వంటింట్లోకి పోయి, ఉప్మాకు రవ్వ వేయించుకుని తిరిగి వచ్చేసరికి, కిందికి వెళ్లడానికి సూత్రప్రాయంగా అంగీకరించి ఉంటాయి. (ఈ సూత్రప్రాయమైన అంగీకారాన్ని కార్యాలయాల నుంచి నీళ్లు నేర్చుకున్నాయో, నీళ్ల నుంచి కార్యాలయాలు నేర్చుకున్నాయో విజ్ఞులు తేల్చవలసి ఉంది.)

ఇంటి యజమాని గురునాథంగారు మిర్చి యార్డులో జీవితమంతా కమీషను వ్యాపారం చేసిన పెద్దమనిషి. యార్డులో పద్ధతి లేనిదే కాయ కదలదు. కనుక ఇంట్లోనూ పద్ధతి లేనిదే ఏదీ కదలరాదని ఆయన సిద్ధాంతం. (నీళ్లు దీనిని అక్షరాలా పాటిస్తున్నాయి.) అద్దెదారుల ఫిర్యాదులను సైతం ఆయన మిరపకాయల మాదిరిగానే స్వీకరిస్తారు: ముందు నమూనా, తరువాత తేమ పరీక్ష, ఆపైన గ్రేడు. యజమాని వాటాలో తలెత్తే ఇబ్బంది మేలురకం. ఉద్యోగస్థులైన మగవారికి కలిగే ఇబ్బంది మధ్యరకం. తక్కినవన్నీ తాలు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. దానిని విడిగా ఒక మూల పోసి, అందరూ దాని పక్కనుంచి నడిచిపోతారు. ఒంటరిగా ఉంటున్న రిటైర్డు పంతులమ్మ ఫిర్యాదు ఏ రాశిలో పడుతుందో ఊహించడానికి మీకు కాన్వెంటు చదువు అవసరం లేదు.

ఫిర్యాదులకై వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉన్నది. అందులో సందేశం పెట్టే అధికారం నిర్వాహకునికి మాత్రమే ఉన్నది. అందువల్ల ఫిర్యాదు కలవారు మెట్లెక్కి వెళ్లి నోటితో విన్నవించుకుంటే, అతడు దానిని తన మాటల్లోకి మార్చి గ్రూపులో పెడతాడు. మనం కిందికి దిగివచ్చి, ఫోను తెరిచి, మనం ఏమన్నామో తెలుసుకుంటాము. ఆ నిర్వాహకుడు గురునాథంగారి అల్లుడు శశిభూషణ్. ఇంట్లోనే కూర్చుని ఏదో కంప్యూటరు కొలువు చేసుకుంటూ, భవనానికి సాంకేతిక సలహాదారుగా కూడా వ్యవహరిస్తున్నాడు. “నా మరుగుదొడ్డిలో నీళ్లు మరీ నిదానంగా పోతున్నాయి నాయనా” అని నేను అతనికి చెప్పాను. గ్రూపులో ఇలా వచ్చింది: ‘గ్రౌండ్ ఫ్లోర్ టీచరమ్మగారి ఇంట్లో నీళ్లు పోతున్నాయి. గ్రేడు: తాలు.’ తక్షణమే నలుగురు బొటనవేళ్లు ఎత్తారు. ఒకరు చేతులు జోడించారు. పై వాటావారు మెట్ల మీద ఎదురై ‘శుభాకాంక్షలు’ అన్నారు.

నమూనా పరిశీలనకు గురునాథంగారు స్వయంగా విచ్చేశారు. యార్డు అలవాటు చొప్పున తేమ చూడడానికి చేయి ముందుకు చాచి, సమయానికి విరమించుకున్నారు.

“పోయండి, చూద్దాం.”

నేను బకెట్టు కుమ్మరించాను.

“పోతన్నాయి గదండీ?”

“పోతున్నాయి.”

“మరింకేందండీ?”

“ఆలోచించుకుని పోతున్నాయి.”

“పొయ్యే నీళ్లకి కంప్లైంటు ఉండదు టీచరమ్మగారూ. నిలబడిపోతే చెప్పండి, చూద్దాం. మా యార్డులోనూ అంతే. లారీ కదుల్తా ఉన్నంతసేపూ ఎవడూ నోరెత్తడు, అది నత్తతో పందెం వేసుకున్నా సరే.”

పైనుంచి ఆయన భార్య బాలత్రిపురసుందరిగారి గొంతు వినిపించింది: “ఏవండీ, వస్తా వస్తా దేన్నీ ముట్టుకోకండి! పూజ గది తలుపు అసలు ముట్టుకోకండి!”

పరిశీలన ఫలితంగా, ఫిర్యాదులో తేమ అధికంగా ఉన్నట్లు నమోదైంది.

నేను స్వయంకృషిని నమ్ముకున్నాను. వేడినీళ్లు, వంటసోడా, నిమ్మరసం పోశాను. అది కాసేపు పొంగి, నవ్వి, ఊరుకున్నది. చివర రబ్బరు గిన్నె ఉన్న కర్ర ఒకటి భవనానికంతటికీ కలిపి ఉన్నది. దానిని యజమాని బీరువాలో, పట్టుచీరల కింది అరలో భద్రపరిచారు. బయటికి తేవడానికి గేటు పాసు కావాలి. ఆ పాసు మీద కర్ర వెళ్లిన వేళ, వచ్చిన వేళ, వచ్చినప్పటి పరిస్థితి రాయాలి. రాసి, తెచ్చి, బలంకొద్దీ పొడిచాను. ప్రధానోపాధ్యాయిని లోపలికి రాగానే లేచి నిలబడి, కనుసైగతో మళ్లీ కూర్చున్న తరగతి వలె, నీళ్లు లేచి మళ్లీ కూర్చున్నాయి. అంతటి క్రమశిక్షణను నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు.

ఇక్కడ పరిపాలనాశాస్త్రంలో ఒక మౌలిక సూత్రాన్ని స్మరించుకోవాలి. ఏ పని నిదానించినా దానికి ఒక మనిషి కారణమై ఉండాలి. ఆ మనిషి ఎంత కింది మెట్టు మీద ఉంటే విచారణ అంత వేగంగా ముగుస్తుంది. మా భవనంలో అన్నిటికంటే కిందిది మెట్ల కింది గది. అందులో సైదాబీ ఉంటుంది. అన్ని వాటాల్లోనూ అంట్లు తోమి, స్నానాలగదులు కడిగి, బదులుగా ఆ గదిలో తల దాచుకుంటుంది. శుక్రవారం గ్రూపులో ప్రకటన వెలువడింది: ‘సైదాబీ టీచరమ్మగారి మరుగుదొడ్లో కొబ్బరిపీచు పడేసినట్టు తేలింది. గది ఖాళీ చేయాలి. ఆదివారం సాయంత్రం డాబా మీద విచారణ.’ (తీర్పు ముందు, విచారణ వెనుక. విచారణలో అనవసరమైన ఉత్కంఠ ఉండరాదన్న మానవతా దృష్టితో ఈ ఏర్పాటు.)

సైదాబీ నా గుమ్మంలోకి వచ్చి, అరిగిపోయి అరచేతిలో ఇమిడిపోయిన పీచుముక్కను నా ముఖం ముందు పెట్టింది.

“ఇదిగో టీచరమ్మా! ఇదే పీచు. అరిగిపోయింది, కొత్తది ఇప్పించండమ్మా అంటే ఉగాదికి చూద్దాంలే అన్నారు సుందరమ్మగారు. ఉన్న ఒక్కటీ దాన్లో పడేసి, ఇన్నిళ్లల్లో నా గోళ్లతో తోమేదాన్నా?”

నిర్దోషిత్వానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నా ఎరుకలో లేదు. దానిని తీసుకుని మెట్లెక్కాను. సాంకేతిక సలహాదారు పీచును చాలాసేపు పరిశీలించి, “ఇది రెండో పీచై ఉండొచ్చండీ” అన్నాడు.

“మొదటిది ఉన్నదని ఎవరు చూశారు నాయనా?”

“కనిపించట్లేదంటేనే లోపల పడిందని గదండీ అర్థం.”

కిందికి వచ్చేసరికి సైదాబీ గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంటున్నది. “పొన్నూరులో మా అక్క కాడికి పోవాల. ఆళ్లే ఉన్న గదిలో ఒకళ్ల కాళ్లు ఒకళ్ల మొహాన పెట్టుకుని పడుకుంటన్నారు. నేను పోతే తలుపు తీసిపెట్టుకుని పడుకోవాల్సిందే.”

“సంచి మూతి కట్టకు. ఆదివారం దాకా ఆగు” అన్నాను.

నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్ క్రిస్టీనా అని ఒకరుండేవారు. బోర్డు వైపు తిరిగినప్పుడు ఎవరైనా సుద్దముక్క విసిరితే, విసిరినదెవరో తేలేవరకు ఆమె మమ్మల్ని భోజనానికి పంపేవారు కాదు. అయితే తానూ తినేవారు కాదు. న్యాయానికి ఆకలి ఉంటుందని నేను అక్కడ నేర్చుకున్నాను. గురునాథం నిలయంలో విచారణ మిరపకాయ బజ్జీలతో ప్రారంభమైంది.

డాబా మీదికి అద్దెదారులకు మామూలుగా ప్రవేశం లేదు. అక్కడ గురునాథంగారి సొంత కాయ ఎండుతున్నది. తేమ ఎక్కువగా ఉన్నదని కొనుగోలుదారులు వెనక్కి ఇచ్చిన కాయ అది (ఇతరుల తేమను జీవితమంతా పరీక్షించినవారికి ఇది ఎంతటి దుఃఖమో మనం అర్థం చేసుకోవాలి). అంచు నుంచి అంచుదాకా ఎర్రగా పరచిన కాయల మధ్య, ఇరుకైన బాటలో కుర్చీలు వేశారు. ఘాటుకు సభ్యులందరూ తుమ్మసాగారు. తుమ్మినవారిని తీర్మానానికి మద్దతు పలికినట్లుగా శశిభూషణ్ లెక్కించుకుంటున్నాడు. సైదాబీ కూడా తుమ్మింది. తన గది ఖాళీకి తానే ఓటు వేసినట్లయింది.

నేను ముక్కుకు చెంగు అడ్డుపెట్టుకుని, ఎటు తిరిగితే గాలి దొరుకుతుందా అని చూశాను. కాయల నడుమ ఒక గొట్టం నిలబడి ఉన్నది. దాని తలకు ఏదో తెల్లగా కుక్కి, పైన గోనెగుడ్డ చుట్టి, తాడుతో బిగించి ఉన్నది. దూరం నుంచి పంటినొప్పితో బాధపడుతున్న గుమాస్తా వలె కనిపించింది.

“గురునాథంగారూ, ఆ గొట్టానికి తలకట్టు ఎందుకు?”

ఆయన ముఖం వికసించింది. “కనిపెట్టారా! అదేనండీ అసలు కిటుకు. పాయిఖానా వాసన కాయకి పట్టుద్దని నేనే కూరానండీ. దర్శి కాడ మన చేలో పత్తి. దిండుకి సరిపోను దూది పట్టింది! ఇప్పుడు వాసన చూడండి, ఏవన్నా వస్తందా?”

“ఎప్పుడు కూరారు?”

“కాయ ఎండబోసిన రోజేనండీ. మీరు కంప్లైంటు తెచ్చారే, దానికి ముందు వారం.”

“ఆ గొట్టం ఎవరి మరుగుదొడ్డిలోంచి వస్తోంది?”

“మీ దాన్లోంచేగా. మాది ఎనకమాల వేరే ఉందిలెండి” అని ఆయన భరోసా ఇచ్చారు.

డాబా మీద తుమ్ములు కూడా ఆగిపోయాయి. ఒకరు బజ్జీని నమలడం మానేశారు. గాలి పోయే దారి మూస్తే నీళ్లు దిగవని ఆరో తరగతి పిల్లలకు చెప్పినట్లే చెప్పి, కాయల మీదుగా నడిచి వెళ్లి (కాయ తొక్కారని కేకలు వేశారు, వేయనిచ్చాను), తాడు విప్పి, దూదిని రెండు చేతులా పట్టుకుని లాగాను. మొదట ఒక గుప్పెడు వచ్చింది, తరువాత ఒక బారెడు వచ్చింది, చివరకు మేకపిల్లంత ముద్ద వచ్చి నా ఒళ్లో పడింది.

కింద, నమూనా కోసమని ఆ సాయంత్రమే నిండా పోయించి పెట్టిన, ఇంకా ఆలోచిస్తూనే ఉన్న నీళ్లు ఒక్కసారి దగ్గాయి. తరువాత గుటక వేశాయి. ఆపైన గొట్టం పొడవునా పైకి పాకి, విందు భోజనం చేసిన వియ్యంకుడి త్రేన్పు వంటి ఒక దీర్ఘమైన, తృప్తికరమైన ధ్వని సభాస్థలి మీద వినిపించింది.

“పొయినియ్యి!” అని సైదాబీ అరిచింది. “టీచరమ్మా, పొయినియ్యి!” ఆనందం పట్టలేక నన్నూ, దూదినీ కలిపి కౌగిలించుకుంది. నా వయసులో, నా స్వభావానికి, నేను నవ్వానని చెప్పుకోవడం శోభించదు. కాని తుమ్ముగా నమోదు చేసుకొమ్మని శశిభూషణ్‌కు చెప్పవలసి వచ్చింది.

అతడు మాత్రం తన కర్తవ్యాన్ని మరువలేదు. “దూదా...” అన్నాడు ఆలోచనగా. “మావయ్యగారూ, సైదాబీ వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు కదూ?”

సభ్యుల ముఖాల్లో ఆశ తిరిగి వెలిగింది.

“మా నాన్న పొయ్యి ఎన్నేళ్లయిందో బాబూ!” అన్నది సైదాబీ. “ఆయన గోరీలోంచి లేచొచ్చి మీ గొట్టంలో దూది కూరాడంటే, పిలవండి, నేనూ ఒకసారి చూసుకుంటా!”

ఆ దర్యాప్తు అంతటితో నిలిచిపోయింది. మిగిలిన బజ్జీలు పంచిన పిమ్మట తీర్మానాలు చదివారు. గురునాథంగారు స్వయంగా డాబా మీద సభ ఏర్పాటు చేసినందువల్లనే దోషం బయటపడినది గనుక వారికి అభినందనలు. వెంటనే బాలత్రిపురసుందరిగారు లోపలినుంచి శాలువా తెచ్చారు, అల్లుడు కప్పాడు, చప్పట్లు మోగాయి. ఇకమీదట విచారణకు సైతం అద్దెదారులు డాబా ఎక్కరాదు. సైదాబీని మానవతా దృక్పథంతో క్షమించడమైనది, గదిలో ఉండవచ్చును.

“ఏ తప్పుకు క్షమించారు?” అని లేచి అడిగాను. “నింద తప్పని అదే గ్రూపులో ఒక్క మాట రాయండి.”

“అయిపొయ్యింది గదండీ టీచరమ్మగారూ” అన్నారు గురునాథంగారు శాలువా సర్దుకుంటూ. “వేలంపాట ముగిసిన బస్తా మళ్లీ విప్పరు. మాఫీ చేసేశాం. ఇంకేం కావాలండీ?”

ఇప్పుడు నా ఇంట్లో నీళ్లు ఆలోచించడం మానేశాయి. గొట్టం స్వేచ్ఛగా ఊపిరి తీసుకుంటున్నది. దాని ఊపిరిలోనే కాయ ఎండింది. ఈసారి సరుకులో ప్రత్యేకమైన ఘాటు ఉన్నదని కొనుగోలుదారులు మెచ్చి తీసుకుపోయారట. (అది ఏ ఇంటి పచ్చడిలోకి చేరిందో నాకు తెలియదు. మీకు తెలిసి ఉండవచ్చు.) దూది నా స్వాధీనంలోనే ఉన్నది.

విచారణ జరిగిన మర్నాడే సైదాబీ డాబా ఊడ్చి వచ్చి, చీపురు గోడకు ఆనించి, నా గుమ్మంలో కూర్చుని అడిగింది: “నన్ను మాఫీ చేశారంటగా టీచరమ్మా. నేనేం చేశానంటండీ?”

జీవితమంతా తరగతి గదుల్లో గడిపినదానిని. జవాబు తెలియని ప్రశ్నకు మౌనం వహించడం నా అలవాటు కాదు. మెట్లెక్కి వెళ్లి, ఆమె ప్రశ్నను ఆమె మాటల్లోనే ఫిర్యాదుగా నమోదు చేయించాను.

ఈసారి జాప్యం లేదు. నేను మెట్లు దిగేలోపే గ్రేడు వచ్చింది: తాలు.