జవాబుల అధికారి కావలెను

మనిషికి ఉద్యోగం ఇవ్వడం ఏ సంస్థైనా చేయగలదు. ఇచ్చిందీ లేనిదీ అతనికి తెలియకుండా కాపాడటం గొప్ప సంస్థలకే సాధ్యం. మన కథలోని సంస్థ ఆ విద్యలో ఆరితేరింది. దరఖాస్తుదారులు కాళ్లరిగేలా తిరుగుతున్నారని ఎవరో గొడవ చేస్తే, వారి సౌకర్యార్థం మెట్ల మీద మెత్తటి రబ్బరు పరిచింది.

ఆ సంస్థ ఒకనాడు ప్రకటన వేసింది: "జవాబుల అధికారి కావలెను. దరఖాస్తుదారులకు వెంటవెంటనే జవాబులు పంపుట పని." అది చూసి ఒక ప్రూఫు రీడరు ఎగిరి గంతేశాడు. అతను పనిచేసిన ప్రెస్సు మూతపడి ఏడాదైంది. భార్య నర్సు. పొద్దున ఆసుపత్రిలో, మధ్యాహ్నం నుంచి ఇంకో క్లినిక్కులో, రెండు డ్యూటీలు చేసి ఇల్లు ఈడ్చుకొస్తోంది. వాచిపోయిన ఆమె పాదాలు చూసినప్పుడల్లా అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. ప్రకటనలోని రెండు అచ్చుతప్పులు దిద్ది మరీ దరఖాస్తు పంపాడు.

నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. సంస్థవారి యాప్ మాత్రం "పరిశీలనలో ఉంది" అంటూ ఒక చక్రం తిప్పుతూ ఉండేది. (ఆ చక్రం మొదట్లో ఎడమకు తిరిగేదట. కుడికి తిప్పించాక పని వేగం పుంజుకుందని వార్షిక నివేదికలో రాశారు.)

చివరికి ఒకరోజు పది గంటలకు ఇంటర్వ్యూకు రమ్మని యాప్ పిలిచింది. (దానికి పిలవడమే తెలుసు, చెప్పడం తెలియదు.) రెండు గంటలకు లోపలికి పంపారు.

"మీరు ఎంతసేపు ఎదురుచూడగలరు?"

"పొద్దుట్నుంచీ అదేగా చేస్తున్నానండీ!"

బాగుందని రాసుకున్నారు. మూడు నెలల తర్వాత రెండో ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న వేశారు. మొదటిసారి రాసుకున్న కాగితం కుంటి బల్ల కాలి కింద ఉండటం అతనికి కనిపిస్తూనే ఉంది. ఇంకో మూడు నెలలకు మూడోది. ఈసారి గదిలో ఎవరూ లేరు. "సభ్యులు దారిలో ఉన్నారు" అన్న బోర్డు ఎదుట సాయంత్రం దాకా వినయంగా కూర్చుని ఇంటికి వచ్చేసరికి, "మూడో విడత దిగ్విజయంగా ముగిసింది" అని యాప్ అభినందించింది.

ఈ మూడుసార్లూ బెంచీ మీద అతని పక్కన కూర్చున్నది లైబ్రేరియన్ పోస్టుకు వచ్చిన ఒకావిడ. అక్కకు పుట్టబోయే బిడ్డకని మొదటి ఇంటర్వ్యూనాడు స్వెట్టరు మొదలుపెట్టింది. మూడో ఇంటర్వ్యూ నాటికి ఆ బిడ్డ పుట్టి, పాకి, స్వెట్టరు పట్టనంత అయ్యాడు. ఆవిడ నిట్టూర్చి ఇంకో సైజు ఎత్తుకుంది.

"నాకీ ఉద్యోగం వస్తే మొదటి జవాబు మీకేనండీ," అని అతను మాటిచ్చాడు.

"మీ నోటి చలవతో రావాలండీ," అంది ఆవిడ.

ఆ తర్వాత ఐదు నెలలు మళ్లీ చప్పుడు లేదు. ఇక ఆగలేక అతను రిసెప్షను ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"మీ ఫలితం ఎప్పుడో వచ్చేసిందిగా," అంది రిసెప్షనిస్టు తాపీగా.

"మరి నాకెవరూ చెప్పలేదేంటమ్మా?"

"చెప్పాల్సింది జవాబుల అధికారి. ఆ సీటు ఖాళీ కదండీ."

"ఆ సీటుకేనమ్మా నేను..."

"కదా! ఖాళీగా ఉంటే మాకెంత కష్టమో మీకే తెలియాలి."

అతని తల గిర్రున తిరిగింది. రిసెప్షనిస్టు జాలిపడి నియమావళి తిరగేసింది. ఇరవై రెండో నియమం ప్రకారం, ఫలితం పోస్టులో అందేదాకా అభ్యర్థినే ఆ సీట్లో ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టవచ్చు. జీతం పూర్తిగా ఇవ్వాలి.

"కూర్చుని మీ జవాబు మీరే పంపేసుకోండి. మాకూ ఓ పనైపోతుంది," అంది.

సంతకం పెట్టి కుర్చీలో కూర్చోగానే భార్యకు ఫోను చేశాడు.

"నిజంగానా? నా మీద ఒట్టు?"

"నీ మీదొట్టే! కుర్చీ తిరుగుతోంది కూడానూ!"

అవతల ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. అరగంటలో మళ్లీ ఫోను చేసి, క్లినిక్కు డ్యూటీ మానేస్తున్నట్టు కాగితం ఇచ్చేశానని చెప్పింది. అతను ఆ కుర్చీలో మూడు చుట్లు తిరిగాడు.

ఆ ఊపులోనే అలమరా తెరిచాడు. నాలుగు వేల పన్నెండు కవర్లు. ఎంపికైనవారికి ఆకుపచ్చ కవరు, కానివారికి తెల్ల కవరు. తలుపుకు లోపల ఇరవై మూడో నియమం అంటించి ఉంది: "జవాబుల అధికారి పోస్టు తాలూకు జవాబు ముందు వెళ్లవలెను. అది వెళ్లనిదే మరే జవాబూ వెళ్లరాదు." సబబుగానే ఉందనుకుంటూ అన్నిటికన్నా పైనున్న కవరు తీశాడు. దాని మీద తన పేరే ఉంది. కవరు తెల్లగా ఉంది.

అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎంత ప్రూఫు చూసినా ఆ తెలుపులో తప్పు దొరకలేదు. దాని కిందే లైబ్రేరియన్ ఆవిడ కవరు, ఆకుపచ్చగా చిలకలా ఉంది.

స్టాంపు కోసం సొరుగు లాగాడు. అందులో మునుపటి అధికారి పేరుతో పంతొమ్మిదేళ్ల నాటి తెల్ల కవరు, విప్పకుండానే రంగు మారిపోయి ఉంది.

"ఆయన మహానుభావుడండీ," అంది హాజరు పట్టీ తెచ్చిన రిసెప్షనిస్టు. "పంతొమ్మిదేళ్లూ ఇన్‌ఛార్జిగానే చేసి రిటైరయ్యారు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు, ఒక్క ఉత్తరం బయటికి పోనివ్వలేదు."

అతను తన కవరును ఆ కవరు పక్కన పెట్టి సొరుగు మూశాడు. నిజంగానే సిగ్గేసింది. ఆ సిగ్గు జీతం రోజు దాకా ఉంది.

మరుసటి నెల జవాబుల శాఖ కిటికీ ముందుకు లైబ్రేరియన్ ఆవిడ వచ్చింది. చేతిలో స్వెట్టరు ఇంకో సైజు పెరిగింది.

"అయ్యో, మీకొచ్చేసిందా! ఎంత సంతోషమో! మరి నాదేమైందండీ?"

ఆకుపచ్చ కవరు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మీది పరిశీలనలో ఉందండీ."

ఆవిడ కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లలో మనిషన్నవాడు నోరు తెరిచి ఒక మాట చెప్పడం ఇదేనండీ. అన్నట్టే మొదటి జవాబు నాకే ఇచ్చారు," అంది.

పోతూ పోతూ సలహాల పుస్తకంలో గుండ్రటి దస్తూరితో రాసి వెళ్లింది: "జవాబుల శాఖ పనితీరు ఎంతో మెరుగుపడింది." అతను అలవాటుకొద్దీ రెండుసార్లు చదివి చూశాడు. ఒక్క తప్పూ లేదు.