తువ్వాలు వేసిన కుర్చీ

ఆ ఆదివారానికి బిక్షపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవడం, ఒక కుర్చీని బండి మీద అడవి దాకా తీసుకెళ్లడం, ఒక్క ఫొటో తీయడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయడం. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఎంత వెతికినా అతనికి కనబడలేదు. అతనికి కనబడని చోట్లు చాలానే ఉంటాయని భార్య శ్రీదేవికి కాపురం మొదలైన కొత్తలోనే తెలిసింది.

బిక్షపతి పాల్వంచ థర్మల్ కేంద్రంలో షిఫ్టు ఆపరేటరు. డ్యూటీ లేనప్పుడు ఫొటోగ్రాఫరు. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల్లో అతనిలాంటి సరదారాయుళ్లంతా కలిసి 'ఆదివారం ఫొటోలు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. సోమవారం ఒక థీమ్ ఇస్తారు. ఆదివారం రాత్రిలోగా తలా ఒక ఫొటో పంపాలి. ఎవరిది బాగుంటే వాళ్లే తర్వాతి వారం థీమ్ ఇస్తారు. రూలు ఒక్కటే: మనుషుల్ని నిలబెట్టి, పోజు పెట్టించి తీసిన ఫొటో చెల్లదు. ఈ రూలు పెట్టింది గ్రూపు పెద్ద జయప్రకాశ్. ఆయనకి ఖమ్మంలో స్టూడియో ఉంది. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో చుట్టాల్ని నిలబెట్టి నవ్వమని చెప్పి చెప్పి విసుగెత్తిపోయాడని అంటారు.

ఏడాది పొడవునా బిక్షపతి ఒక్క వారం కూడా గెలవలేదు. 'ఎరుపు' అన్నప్పుడు ఖమ్మం మార్కెట్లో మిర్చి బస్తాలు తీసి పంపితే, గ్రూపులో సగం మంది అవే బస్తాలు పంపారు. 'నీళ్లు' అన్నప్పుడు కూలింగ్ టవర్ మీంచి లేచే ఆవిరిని పంపాడు. "బాగుందండీ, కానీ ఇది పొగ కదా," అన్నాడు జయప్రకాశ్. "పొగ కాదు సార్, ఆవిరి. పొగ పక్క గొట్టంలకెళ్లి వస్తది," అని బిక్షపతి రెండు రోజులు వాదించాడు. వాదనలో గెలిచాడు గానీ ఫొటో గెలవలేదు.

ఇప్పుడు ఏడాదిలో చివరి థీమ్ వచ్చింది. 'ఎదురుచూపు.' సంక్రాంతి దాటాక ఖమ్మంలో గ్రూపు ప్రదర్శన పెడుతోంది. ఏడాదిలో ఒక్కసారైనా గెలిచినవాళ్ల ఫొటోలే అక్కడ గోడకెక్కుతాయి. ఈ షరతు సంగతి తెలియకముందే బిక్షపతి షిఫ్టు బస్సులో ఉన్నవాళ్లందరినీ ప్రదర్శనకి పిలిచేశాడు. శ్రీదేవి ముదిగొండలో పుట్టింటికి ఫోను చేసి చెప్పింది. వాళ్లు ఏకంగా కారు మాట్లాడుకున్నారు. ఈ వారం గెలవకపోతే షిఫ్టు బస్సుకీ, అత్తవారికీ కలిపి ఖాళీ గోడ చూపించాలి. అది తలుచుకుంటే అతనికి అన్నం సహించడం లేదు.

"అందరు ముసలోళ్లనో, బడి కాడ పిల్లల్నో తీస్తరు. నేను అసలు మనిషినే పెట్ట," అన్నాడు శనివారం సాయంత్రం. "ఖాళీ కుర్చీ. అడవి పక్క రోడ్డు మీద ఒక్కటే కుర్చీ. ఎవరి కోసమో సూస్తున్నట్టు. ఎట్లుంటది?"

"బాగనే ఉంటది. కుర్చీ ఎవలది?" అంది శ్రీదేవి.

చిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లో ఫొటోకి పనికొచ్చే కుర్చీ ఒక్కటే, శ్రీదేవి తండ్రి కూర్చున్న టేకు చేతుల కుర్చీ. దాన్ని ఆమె వారానికోసారి నూనె గుడ్డతో తుడుస్తుంది. బిక్షపతిని ఎప్పుడూ అంత శ్రద్ధగా చూసింది లేదు.

"కుర్చీ వస్తే నేను గూడ వస్త," అంది ఆమె. "దాని మీద గీత పడ్డదనుకో, కుర్చీ ఇంటికొస్తది, నువ్వు రావు."

అలా తెల్లవారగానే ఇద్దరూ భద్రాచలం రోడ్డు పట్టారు. ముందు బిక్షపతి, వెనక శ్రీదేవి, ఆమె నెత్తిన తలకిందులుగా కుర్చీ. కుర్చీ కాళ్లు నాలుగూ ఆకాశంలోకి చూస్తున్నాయి. ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఇదేమిటో అర్థంకాక మర్యాదగా రోడ్డు దిగి దారిచ్చాడు.

అడవి మొదలయ్యే మలుపులో ఒక ఇప్పచెట్టు ఉంది. బిక్షపతి దాని కింద కుర్చీ వేసి కెమెరాలోంచి చూశాడు. నల్లటి మాను ముందు నూనెకి నల్లబడ్డ కుర్చీ కనబడనే లేదు. దుమ్ము పడకుండా కప్పడానికి శ్రీదేవి తెచ్చిన తెల్ల తువ్వాలు తీసి కుర్చీ వీపు మీద వేశాడు. వెంటనే కుర్చీ నిగనిగలాడుతూ బయటపడింది. బిక్షపతికి తన తెలివికి తనకే ముచ్చటేసింది.

వీపున తెల్ల తువ్వాలున్న కుర్చీ ఆఫీసుల్లో ఎవరిదో పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. అందులో పెద్ద సారు తప్ప ఇంకొకరు కూర్చోరు. బిక్షపతి పనిచేసే చోట ఇంజనీరు కుర్చీకి కూడా అలాంటి తువ్వాలే ఉంది. కానీ ఆ ఉదయం అతను ఫొటోగ్రాఫరు, ఉద్యోగి కాదు. అందుకని ఆ సంగతి తట్టలేదు. రోడ్డు దాటి, ఎదురుగా పొదలో గొంతుకూర్చుని, కొమ్మల సందులోంచి ఎండ వచ్చి కుర్చీ మీద పడటం కోసం చూడసాగాడు. శ్రీదేవి టిఫిన్ డబ్బా పట్టుకుని పక్కనున్న కల్వర్టు గోడ మీద కూర్చుంది.

ముందుగా వచ్చింది తుల్సీరాం. మలుపు అవతల టీ కొట్టు అతనిదే. సైకిల్‌కి పాలక్యాను తగిలించుకుని వస్తూ కుర్చీని చూశాడు. తువ్వాలుని చూశాడు. సైకిలు దిగాడు. కొట్టుకి వెళ్లి, కాసేపట్లో చీపురుతో తిరిగొచ్చి, చెట్టు కింద రాలిన ఆకులన్నీ ఊడ్చి నీళ్లు చల్లడం మొదలుపెట్టాడు. ఆ ఆకుల కోసమే బిక్షపతి ఆ చెట్టుని ఎంచుకున్నాడు.

"అన్నా, ఊడ్వకే! గట్లనే ఉండనీ!" అంటూ పొదలోంచి లేచాడు.

తుల్సీరాం అదిరిపడి, మెడలో కెమెరా చూసి చేతులు కట్టుకున్నాడు. "సార్ ఎప్పుడొస్తడు సారూ?"

"ఏ సారు? ఎవ్వరు రారు. ఆ కుర్చీ నాదే."

జుట్టులో ఆకులు, చొక్కా మీద చీమలు, మోకాళ్లకి మట్టి. తుల్సీరాం అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఆ కుర్చీ ఇతనిదంటే నమ్మబుద్ధి కాలేదు. "చెప్పొద్దన్నరా? సమజైంది సారూ. నేను ఎవ్వరికీ చెప్ప," అని వెళ్లి, మలుపు వెనకున్న తన తండా అంతా చెప్పాడు.

కాసేపటికి చెట్టు కింద జనం పోగయ్యారు. పగిడయ్య అనే పెద్దాయన బంతిపూల దండ తెచ్చి కుర్చీ చేతికి తగిలించాడు. ఎవరో బడినుంచి ఇంకో రెండు కుర్చీలు తెచ్చి, చిన్న సార్ల కోసమని కొంచెం వెనగ్గా వేశారు. పూలి అనే ఆవిడ చిక్కుడుకాయల బస్తాతో వచ్చి అందరికంటే ముందు నిలబడింది. ఆమె రోజూ పాల్వంచ వెళ్లి చిక్కుడుకాయలు అమ్ముకుంటుంది.

"సారు రానీ, నేనే అడుగుత," అందామె. "ఎక్స్‌ప్రెస్సులు ఈడ ఎందుకాగయి? ఆటోల ఎక్కితే నా బస్తా మీదనే నలుగురు కూసుంటరు. పాల్వంచల దిగేసరికి కాయంత పచ్చడైతది."

బిక్షపతి రోడ్డు దాటి వచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, ఏ సారూ లేడు. ఇది ఫొటో పోటీ. ఎదురుచూపు అని థీమ్ ఇచ్చిండ్రు. మీరు కొంచెం పక్కకు జరిగితే ఒక్క ఫొటో తీసుకుని పోత."

"మా ఎదురుచూపు మస్తు రోజుల సంది ఉన్నది," అన్నాడు పగిడయ్య. "ముందు మా ఫొటో తియ్యి. సారుకు సూపెట్టు."

కాదనలేక తీశాడు. పూలిని బస్తాతో తీశాడు. పగిడయ్యని దండతో తీశాడు. పళ్లు బయటపెట్టి నవ్వే పిల్లల్ని తీశాడు. అవన్నీ పోజు పెట్టినవే, ఒక్కటీ పోటీకి పనికిరాదు. మళ్లీ పొదలోకి వెళ్లి, జనం ఎప్పుడు కదులుతారా అని మెడ సాచి కూర్చున్నాడు. అవతల ఎండ సరిగ్గా కుర్చీ మీద పడింది. అడ్డంగా తుల్సీరాం టీ పోస్తున్నాడు.

అప్పుడే భద్రాచలం నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు వచ్చింది. డ్రైవరు ఎప్పటిలాగే దూసుకుపోబోతూ జనాన్ని చూశాడు, దండ వేసిన కుర్చీని చూశాడు, ఆ మీదట పొదలోంచి తన బస్సు వైపే తిరిగి ఉన్న పొడుగాటి లెన్సుని చూశాడు. బ్రేకు కీచుమంది. కండక్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ దిగి పొద దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, మేం ఆపినం! సూడుండ్రి, ఆపినం! ఒక ఫొటో తీసుకోండ్రి సార్, మా నంబర్ కనబడేటట్టు."

"నేను సార్‌ని కాదయ్యా బాబూ."

"తెలుసు సార్, చాటుగ తీస్తుండ్రు. మాకెందుకు గానీ ఒక్కటి తియ్యండ్రి."

బిక్షపతి తీశాడు. పూలి బస్తాని ఇద్దరు మనుషులు జాగ్రత్తగా ఎక్కించారు. బస్సు కదలకముందే కండక్టరు ఫోను తీశాడు. "అరేయ్, ఇప్పచెట్టు మలుపుల చెకింగు సార్లు కుర్చీ ఏసిండ్రు. పొదల కెమెరా ఉంది. ఆపుకుంట రాండ్రి."

ఆ తర్వాత వచ్చిన ప్రతి బస్సూ ఆగింది. ఎక్కేవాళ్లు లేకపోయినా ఆగింది. ప్రతి కండక్టరూ పొద దగ్గరికొచ్చి, ఆగినట్టు ఫొటో తీయించుకుని వెళ్లాడు. కల్వర్టు మీద శ్రీదేవి మొదట కంగారుపడింది, తర్వాత నవ్వాపుకుంది, చివరికి ఆపుకోవడం మానేసింది.

మధ్యాహ్నం వాలిపోయింది. సారు రాడని తేలాక జనం ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోయారు. బడి కుర్చీలు బడికి పోయాయి, పగిడయ్య దండ పగిడయ్యతో పోయింది. పడమటి ఎండ ఏటవాలుగా వచ్చి ఒంటరి కుర్చీ మీద, తెల్ల తువ్వాలు మీద పడింది. గాలికి నాలుగు ఆకులు కూడా రాలాయి. బిక్షపతికి కళ్లు చెమర్చాయి. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు.

కెమెరా పలకలేదు. బస్సుల ఫొటోలతో బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది.

కుర్చీ సర్దుకుంటుండగా మరో ఎక్స్‌ప్రెస్ ఆగింది. ఖాళీ బస్తా చంకన పెట్టుకుని పూలి దర్జాగా దిగింది. "ఒక్క కాయ నలగలే సారూ," అంది. కుర్చీ వెళ్లిపోతోందని చూసి ఆమె ముఖం చిన్నబోయింది. "రేపు బస్సు ఎట్ల ఆగుతది? తువ్వాలన్న ఉంచిపోరాదు?" శ్రీదేవి తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక బిక్షపతి గోడవైపు తిరిగి పడుకున్నాడు. శ్రీదేవి తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. పొదలోంచి సగం బయటికొచ్చిన మనిషి. మెడ సాగి ఉంది, నోరు తెరుచుకుని ఉంది, చెంప మీద చీమ పాకుతున్నా తెలియడం లేదు. లోకంలో ఉన్న ఆశంతా ఆ కళ్లలోనే ఉంది.

"పొద్దుగాల తీసిన. నవ్వయ్యా కొంచెం," అంది.

అతను నవ్వలేదు. ఆమె ఆ ఫొటోని అతని ఫోనుకి పంపి, అందులోంచి గ్రూపులో పెట్టేసింది. అతను లేచి లాక్కునేలోపే ఫోను మోగింది. జయప్రకాశ్.

"బిక్షపతి గారూ, ఏం ఫొటో అండీ! ఆ మెడ, ఆ నోరు! ఎదురుచూపంటే అదీ. ఈ వారం మీదే. కానీ ఒక్క సందేహం. టైమర్ పెట్టి మీరే తీసుకున్నారా? పోజు అయితే రూలు ఒప్పుకోదు మరి."

బిక్షపతి ఆలోచించాడు. అవునంటే పోజు, చెల్లదు. కాదంటే ఫొటో తనది కాదు. ఆవిరికీ పొగకీ రెండు రోజులు వాదించినవాడు ఈసారి వాదన పెట్టుకోలేదు. ఎదురుగా శ్రీదేవి కుర్చీ కాళ్లకంటిన మట్టి తుడుస్తోంది.

"నేను తీయలే సార్," అన్నాడు. "మా శ్రీదేవి తీసింది. పోజు గాదు. పొద్దటి సంది నిజంగనే గట్ల కూసున్న."

"అయితే గెలిచింది ఆవిడేనండీ. వెంటనే గ్రూపులో చేర్చండి."

ప్రదర్శనకి షిఫ్టు బస్సులో అందరూ వచ్చారు. ముదిగొండ కారూ వచ్చింది. తలుపు ఎదురుగానే పెద్దదిగా పొదలో బిక్షపతి. జనం ఒకసారి ఫొటోని, ఒకసారి అతన్ని చూసి నవ్వారు. అతనికి కాసేపు చచ్చేంత సిగ్గేసింది. ఆ పక్కనే శ్రీదేవి తన తల్లికి ఫొటో ఎలా తీసిందో చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆమె అంత సంతోషంగా మాట్లాడటం చూసి అతని సిగ్గు ఎటో పోయింది.

"మరి ఇందుల నీదేముంది బావా?" అన్నాడు బావమరిది.

"చీమలు కుట్టింది నన్నే," అన్నాడు బిక్షపతి.

గెలిచిన శ్రీదేవి కొత్త ఏడాదికి మొదటి థీమ్ ఇచ్చింది: 'ఇంటిపని చేస్తున్న మగవాళ్లు.' పోజు రూలు అలాగే ఉండటంతో ఆ వారం గ్రూపుకి రెండే ఫొటోలు వచ్చాయి. రెంట్లోనూ మనిషి వీపే కనిపించింది.

ఒక సెలవు రోజున ఇద్దరూ ఆనాటి ఫొటోలు కాగితాల మీద వేయించి ఇప్పచెట్టు మలుపుకి తీసుకెళ్లారు. తుల్సీరాం వాటిని టీ కొట్టు గోడకి వరసగా అంటించాడు. పూలి, పగిడయ్య, పిల్లలు, ఆగిన బస్సులు. బిక్షపతి ఆ గోడ ముందు నిలబడి టీ చల్లారేదాకా చూసుకున్నాడు.

చెట్టు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని వీపున శ్రీదేవి తువ్వాలు, ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగింది. పూలి బస్తా ఎక్కుతుండగా డ్రైవరు తల బయటపెట్టి, కుర్చీ వైపు భయంగా చూశాడు.

"సారు వచ్చిండా?"

"ఇప్పుడే భోజనానికి పోయిండు," అన్నాడు తుల్సీరాం.

ఏ ఆఫీసుకి వెళ్లినా వినే మాటే కాబట్టి డ్రైవరుకి ఏ అనుమానమూ రాలేదు.