పరీక్ష సందర్భంగా సన్మానం

మలేసియాలోని సుంగై సిపుట్ తెలుగు విద్యాభ్యుదయ సమాజం చదువుకు చేస్తున్న సేవ తెలియాలంటే ఆ ఊరి కుర్రవాడు మనోజ్ బీరువా తెరిచి చూడాలి. అందులో పుస్తకాలకు చోటు లేదు. అన్నీ శాలువాలే.

డిగ్రీలో చేరినందుకు ఒకటి కప్పారు. మొదటి సెమిస్టరు సగానికి వచ్చినందుకు ఇంకొకటి. చదువు మానేయనందుకు మరొకటి, జరీ అంచుది. సమాజానికి సొంత హాలు లేదు. బడి హాలు సెలవుల్లోనే ఇస్తారు, యూనివర్సిటీ పరీక్షలు సరిగ్గా ఆ సెలవుల్లోనే వస్తాయి. ఇది యూనివర్సిటీ వారి పొరపాటు కనుక సమాజం పెద్ద మనసుతో క్షమించింది. ప్రతి పరీక్షకూ ముందురోజు మనోజ్ బస్సెక్కి వచ్చి, వేదిక మీద కూర్చుని, చదువు ప్రాముఖ్యం గురించి పొద్దుగూకేదాకా విని, మర్నాడు ముప్పాతిక తెల్ల కాగితమే ఇచ్చి వచ్చేవాడు. ఆ విధంగా అతని బయోమెడికల్ డిగ్రీ అట్టడుగు మార్కులతో, అత్యున్నత గౌరవాలతో పూర్తయింది.

అతనికి డాక్టరు కావాలని నిజంగానే ఉంది. రబ్బరు తోటలో పాలు గీసి అరిగిపోయిన నాయనమ్మ మరిడమ్మ మోకాళ్ళకు తన చేత్తో మందు రాయాలని చిన్నప్పటి కోరిక. చప్పట్లన్నా ఇష్టమే, దాచడమెందుకు.

మార్కులు చూసి మెడికల్ కాలేజీలన్నీ దరఖాస్తు తిప్పి పంపాయి. ఈపోలో ఒక్క కాలేజీ మాత్రం ఇంటర్వ్యూకు పిలిచి, మార్కులు ఇలా ఎందుకున్నాయని అడిగింది. మనోజ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకుని, తక్కువ మార్కుల వాళ్ళకు ఒక పరీక్ష ఉందనీ, శనివారం తొమ్మిదింటికి వచ్చి గట్టెక్కితే సీటు ఇస్తామనీ, రాకపోతే ఇక ఇటు రావద్దనీ చెప్పారు. పక్కింటి తివ్యకూ అదే పరీక్ష. ఆమె మార్కులూ అంతంత మాత్రమే. అయితే వాళ్ళింట్లో తమిళమే మాట్లాడతారు కనుక సమాజం ఆమెను ఏనాడూ సన్మానానికి అర్హురాలిగా గుర్తించలేదు. పాపం, చదువుకోవడం తప్ప ఆమెకు వేరే దారి లేకపోయింది.

సంగతి విన్న సమాజం అధ్యక్షులు, మోటారుసైకిల్ విడిభాగాల వర్తకులు తిమ్మయ్యగారు అత్యవసర సమావేశం జరిపారు. మన కుర్రవాడు వైద్య పరీక్ష రాయబోతున్న శుభసందర్భాన్ని పురస్కరించుకుని శనివారం తొమ్మిదింటికి ఘన సన్మానం చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పరీక్షా అప్పుడేనని మనోజ్ మనవి చేసుకున్నాడు.

"పరీచ్చ ఎక్కడికి పారిపోద్ది లా? హాలు దొరకడమే కష్టం," అన్నారు తిమ్మయ్యగారు, మలేసియా అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. "తెలుక్ ఇంటాన్ నుంచి దాతుక్ బిరుదున్న పెద్దాయన వస్తన్నారు. మీ నాయనమ్మకి ముందు వరసలో కుర్చీ ఏసినాం."

రానని ఒక్క మాట అంటే సరిపోయేది. మనోజ్ గొంతు సవరించుకున్నాడు.

"ఏ రంగు శాలువా మావా?" అన్నాడు.

శనివారం తిమ్మయ్యగారు అద్భుతంగా ప్రసంగించారు. "విద్యార్థి అనువాడు పరీక్షా కేంద్రమునకు అరగంట ముందే చేరుకొనవలెను. సమయపాలన లేనివాడు జీవితమున పైకి రాలేడు," అనగానే హాలు మారుమోగింది. మనోజ్ గోడ గడియారం చూశాడు. ఈపోలో ఈపాటికి తలుపులు వేసి ఉంటారు. ముందు వరసలో నాయనమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ మురిసిపోతోంది. అతని కళ్ళవెంట నీళ్ళు కారాయి. అవి ఆనందబాష్పాలని దాతుక్ గారు ప్రకటించి మరో శాలువా కప్పారు.

తివ్య పరీక్ష గట్టెక్కింది. సీటు వచ్చింది. ఆమె ముత్తాత విజయనగరం నుంచి ఓడెక్కినవాడని సమాజం రాత్రికి రాత్రే పరిశోధించి కనుక్కుంది. తిమ్మయ్యగారు స్వయంగా ఫోను చేసి అభినందించి, ఒక్క వివరం మాత్రం అడిగారు.

"నీ మొదటి పరీచ్చ ఏ రోజమ్మా?"

ఆ రోజుకు హాలు ఖాయమైంది. మీకూ పిలుపు వస్తుంది. వడ, పాయసం ఉంటాయి. తప్పక దయచేయండి; కిందటిసారి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మీరే కదా.