కూరగాయల కాటా మీద కారు చక్రం

మంగళవారం పొద్దున్నే ఫవ్వాజ్ బడికి సెలవు పెట్టి రెండు పనులు పెట్టుకున్నాడు. కారుకు కొత్త చక్రాలు ఖాయం చేయడం, భార్య రుదైనాను పదింటికల్లా ఇంటర్వ్యూకి దింపడం. అతను పనిచేసే బడి పక్కవీధిలోనే. కానీ మదబా దగ్గరి మందుల కంపెనీలో రుదైనాకు ఉద్యోగమొస్తే రోజూ అరవై కిలోమీటర్లు తిరగాలి. అమ్మాన్‌లో పెట్రోలు ధరకు అది చిన్న సంగతి కాదు. రెండేళ్లుగా ఆమె ఎదురుచూస్తున్న ఉద్యోగం మరి.

చక్రాల కొట్టతను రెండు రకాల చక్రాలు చేతికిచ్చి, మధ్యాహ్నంలోగా తిరిగివ్వనివి కొన్నట్టే లెక్క అన్నాడు. ఒక రకం సన్నటి చువ్వలతో తేలిగ్గా ఉంది. రెండోది పళ్లెంలా మూసుకుపోయి ఉంది, గాలికి అడ్డుపడదట. ఇంటి దగ్గరి కొండ దారి ఎక్కడానికి మొదటిది మంచిదా, పెద్దరోడ్డుకు రెండోది మంచిదా? ఎంత ఆలోచించినా తేలలేదు. కారును ఇటుకల మీద నిలబెట్టి పాత చక్రాలు ఊడదీశాడు. రకానికొకటి చంకన పెట్టుకుని ఇంటి కిందే ఉన్న కూరగాయల కొట్టుకు వెళ్లాడు.

"అబూ తహ్సీన్ మామా, వీటిని కాస్త తూచిపెట్టు."

అబూ తహ్సీన్ కాటా మీది టమాటాలు దించాడు. "ఇది ఏడున్నర. ఇది తొమ్మిది. సంచిలో వెయ్యమంటావా?"

"అయితే తేలికదే తీసుకుంటా."

టీ తాగుతున్న టాక్సీ డ్రైవరు సతామ్ గ్లాసు దించాడు. "మతి పోయిందా? మదబా రోడ్డు గాలికి ఆ చువ్వలు ఈలలేస్తాయి!"

"ముందు మన కొండ ఎక్కనివ్వవయ్యా, గాలి సంగతి తర్వాత," అన్నాడు ఇంకో డ్రైవరు. "ఇంతకీ నీ చక్రం బరువెంత?"

సతామ్‌కు తెలియదు. పౌరుషంగా వెళ్లి ఒకటి ఊడదీసుకొచ్చాడు. రెండో అతనూ తెచ్చాడు. పుదీనా కోసం ఆగిన మూడో డ్రైవరు ఆ వరస చూసి కంగారుపడ్డాడు. "తూకం వేయించడానికి ఇవాళే ఆఖరా?" అని తనూ ఊడదీశాడు. అరగంటలో వీధి పొడవునా ఆరు టాక్సీలు జాకీల మీద నిలబడ్డాయి.

ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. "ఎవరు తూచమన్నారు?"

అందరూ ఫవ్వాజ్‌ను చూపించారు. పోలీసు అతన్ని పక్కకు లాక్కెళ్లి గొంతు తగ్గించాడు. "మా జీపు చక్రాలు కూడా తేవాలా?"

అప్పుడే ఇస్త్రీ బట్టల్లో రుదైనా కిందికి దిగింది. "ఫవ్వాజ్, కారుకేమైంది?"

"ఒక్క అయిదు నిమిషాలు. ఇంతకీ నీ ఉద్దేశంలో..."

"నా ఉద్దేశంలో కారుకు చక్రాలుండాలి!"

"టాక్సీ పిలుస్తానుండు," అని చుట్టూ చూశాడు. ఆరుగురు డ్రైవర్లూ ఏ చక్రం ఎవరిదో తెలియక కొట్టుకుంటున్నారు. చక్రాలున్న బండి వీధి మొత్తం మీద ఒక్కటే: అబూ తహ్సీన్ కూరగాయల వ్యాను. రుదైనా అందులో ఎక్కి, ఒళ్లో కొత్తిమీర కట్టలు పెట్టుకుంది. అబూ తహ్సీన్ వ్యాను తీశాడు. ఎవరి చక్రం వారికి అప్పగించేసరికి మధ్యాహ్నం దాటింది. రెండు రకాలూ అతనివే అయిపోయాయి.

రెండింటికి ఆమె తిరిగొచ్చింది. "ఉద్యోగం వచ్చింది. రేపట్నుంచి కంపెనీ బస్సు మన వీధి చివరే ఎక్కించుకుంటుందట. కారు అక్కర్లేదు."

అప్పటినుంచి కారు ఇంటిముందే ఉంటోంది. పెట్రోలు ఖర్చు అంతలా తగ్గడం చక్రాల చలవేనని ఫవ్వాజ్ అందరికీ చెబుతుంటాడు. ఏ చక్రాల చలవో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.